పెట్టె మీద 15 స్టాపులు, మన చేతిలో ఎన్ని? వీడియో కెమెరా సెన్సర్‌ని మీరే పరీక్షించుకోవడం ఎలా

కెమెరా కొనేముందైనా, షూట్‌కి అద్దెకు తెచ్చుకునేముందైనా ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "డైనమిక్ రేంజ్ ఎంత?" అంటే మెరిసే వెలుగు నుంచి చీకటి నీడ దాకా కెమెరా ఒకేసారి ఎంత పట్టగలదని. దీన్ని స్టాపుల్లో కొలుస్తారు. సోనీ ఎఫ్ఎక్స్3కి 15కి పైగా స్టాపులని కంపెనీ చెబుతుంది. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కేకి 13 అంటుంది. 2022లో వచ్చిన ఆరీ అలెక్సా 35కి 17. ఈ అంకెలు అబద్ధాలు కావు గానీ, ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చుకోవడానికి పనికొచ్చేవీ కావు. ఎవరి కొలత వాళ్లది.

ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు. సెన్సర్ ఇక పట్టలేనంత వెలుగు పడ్డ చోట పై గీత. అక్కడ ఎవరికీ పేచీ లేదు, తెల్లగా కొట్టేసిందంటే కొట్టేసినట్టే. పేచీ అంతా కింది గీత దగ్గర. నీడలోకి దిగేకొద్దీ బొమ్మ తగ్గి గ్రెయిన్స్ (నాయిస్ చుక్కలు) పెరుగుతాయి. బొమ్మా గ్రెయిన్సూ సమానమయ్యే చోట గీత గీస్తే, అంటే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 1 దగ్గర, ఎక్కువ స్టాపులు వస్తాయి. నిష్పత్తి 2 దగ్గర గీస్తే దాదాపు ఒక స్టాప్ తగ్గుతుంది. మామూలు కంటికి ఇబ్బంది లేని చోట గీస్తే ఇంకో రెండు మూడు పోతాయి. నిష్పత్తి 2ని పట్టుకుని కొలిచే బయటి ల్యాబుల్లో అలెక్సా 35 కూడా 15 చిల్లర దగ్గర ఆగింది. 15కి పైగా అని చెప్పుకున్న సోనీ ఏ7ఎస్3 అయితే 12 చిల్లర.

అందుకే ఒక కెమెరాకి ఒక అంకె కాదు, రెండు అంకెలు కావాలంటాను. గ్రే కార్డ్‌కి పైన ఎన్ని స్టాపులు, గ్రే కార్డ్‌కి కింద ఎన్ని. గ్రే కార్డ్ అంటే ఎక్స్‌పోజర్ సరిచూసుకునే బూడిద రంగు అట్ట. పైదాన్ని వేవ్‌ఫామ్, అంటే బొమ్మలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్, చెబుతుంది. కిందిదాన్ని మీ కన్నే చెప్పాలి. ఈ రెండూ వేర్వేరుగా ఎందుకంటే, పెళ్లి షూట్‌నే తీసుకోండి. మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. కల్యాణ మండపం లోపల 400 లక్స్ ఉంటే బాగున్నట్టే. తేడా 250 రెట్లు, అంటే 8 స్టాపులు. దాని మీద తెల్ల పంచె గ్రే కార్డ్ కంటే ఐదు రెట్ల వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి ఇంకో 2 స్టాపులు. పీటల మీదున్న పెళ్లికొడుకు ముఖానికి ఎక్స్‌పోజర్ పెడితే, గుమ్మం బయట ఎండలో నిలబడి అతిథులను పిలుస్తున్న మేనమామ గారి పంచె 10 స్టాపుల పైన ఉంటుంది. గ్రే పైన 6 స్టాపులు మాత్రమే పట్టే కెమెరాలో ఆ పంచె ఉట్టి తెల్ల మచ్చ. కాపాడాలంటే 4 స్టాపులు తగ్గించి తీసి, ముఖాన్ని గ్రేడింగ్‌లో (తర్వాత కంప్యూటర్‌లో రంగు, వెలుగు సరిచేసేటప్పుడు) లేపుకోవాలి. అలా లేపినప్పుడు నీడ ఎంత శుభ్రంగా వస్తుందన్నదే ఆ కెమెరా అసలు సత్తా. అంటే పైన వెలుగు కాపాడుకోవడానికి కింద నీడను ఖర్చు పెడుతున్నాం. ఖర్చు పెట్టడానికి ఎంత ఉందో ముందే తెలిసి ఉండాలి కదా.

కింద చెప్పే పరీక్షకి కావలసినవి తక్కువే: గ్రే కార్డ్, ట్రైపాడ్, ఎఫ్2 నుంచి ఎఫ్16 దాకా వెళ్లే లెన్స్, ఒక మంచి ఎల్ఈడీ లైట్, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. మీ ఫైల్ అందులో తెరుచుకోకపోతే ప్రోరెస్‌లోకో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లోకో (ఎడిటింగ్‌కి అనువైన ఫైల్ ఫార్మాట్లు) మార్చుకుని వాడండి. 8-బిట్‌లోకి మాత్రం మార్చవద్దు.

కెమెరాను సిద్ధం చేయడం

అన్నీ మాన్యువల్‌లో పెట్టండి. లాగ్ ప్రొఫైల్ (గ్రేడింగ్ కోసం బొమ్మని చప్పగా, ఎక్కువ స్టాపులతో రికార్డ్ చేసే పద్ధతి), బేస్ ఐఎస్ఓ (సెన్సర్ సహజంగా బాగా పనిచేసే ఐఎస్ఓ), స్థిరమైన వైట్ బ్యాలెన్స్. ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఆఫ్, షార్ప్‌నెస్ కనిష్ఠం, నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఈ చివరిది కొన్ని కెమెరాల్లో మెనూలో ఆఫ్ చేసినా లోపల కొంత నడుస్తూనే ఉంటుంది, దాన్ని తర్వాత పట్టుకుందాం.

మీరు నిజంగా షూట్‌కి వాడే రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్, కోడెక్ (ఫైల్‌ని కుదించే పద్ధతి) ఏవో వాటిలోనే పరీక్షించండి. ఇది చాలామంది వదిలేసే సంగతి. 4కే 25లో అద్భుతంగా ఉన్న సెన్సర్ 120 ఫ్రేముల్లోకి వెళ్లగానే కొన్ని కెమెరాల్లో పిక్సెళ్లను కలిపేసి, లేదా వరసలు వదిలేసి చదువుతుంది. నాయిస్ పెరుగుతుంది, సన్నటి జరీ గీతల మీద రంగురంగుల మెలికలు కనిపిస్తాయి. స్లో మోషన్‌కి విడిగా పరీక్ష చేసుకోవలసిందే.

రికార్డింగ్ మొదలుపెట్టేముందు కెమెరాను పావుగంట ఆన్‌లో ఉంచండి. సెన్సర్ వేడెక్కితే నీడలో చుక్కలు పెరుగుతాయి. మన ఎండాకాలంలో మూడు గంటల పాటు ఆగకుండా నడిచే కెమెరాని ఏసీ గదిలో చల్లగా ఉన్నప్పుడు పరీక్షించి మురిసిపోతే లాభం లేదు. పిక్సెల్ మ్యాపింగ్, బ్లాక్ బ్యాలెన్స్ లాంటి సదుపాయాలు మెనూలో ఉంటే ఇప్పుడే ఒకసారి నడపండి.

మూత పెట్టి చూడడం

లెన్స్ తీసి బాడీ క్యాప్ పెట్టండి. మీరు వాడే ప్రతి ఐఎస్ఓలోనూ పది సెకన్లు రికార్డ్ చేయండి. వెలుగు లేదు కాబట్టి రికార్డ్ అయ్యేదంతా కెమెరా సొంత నాయిసే. రిజాల్వ్‌లో గామా, గెయిన్ బాగా పైకి లేపి చూడండి. ఎంత గ్రెయిన్ ఉందన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు, ఎలాంటి గ్రెయిన్ అన్నది విషయం.

ప్లే చేసినప్పుడు ప్రతి ఫ్రేమ్‌కీ మారిపోతూ చిటపటలాడేది మామూలు నాయిస్. దాన్ని డీనాయిస్ ప్లగిన్ చాలావరకు సర్దుతుంది, ఫిల్మ్ గ్రెయిన్ అనుకుని కన్ను కూడా సరిపెట్టుకుంటుంది. ప్లే చేస్తున్నా కదలకుండా, కిటికీ అద్దం మీద మురికిలా అక్కడే నిలబడి ఉండేది ఫిక్స్‌డ్ ప్యాటర్న్ నాయిస్. నిలువు చారలు, అడ్డ చారలు, ఒక మూల గులాబీ మచ్చ, ఎప్పుడూ ఒకే చోట వెలిగే చుక్క అన్నీ ఈ జాతివే. కెమెరా పాన్ చేసినప్పుడు బొమ్మ జరుగుతుంది, ఇది జరగదు. అందుకే కంటికి వెంటనే దొరికిపోతుంది. నన్నడిగితే రెండు స్టాపులు తక్కువైనా చారలు లేని కెమెరానే తీసుకుంటాను.

ఇక్కడే రెండో బేస్ ఐఎస్ఓ కూడా తెలిసిపోతుంది. ఎఫ్ఎక్స్3లో ఎస్-లాగ్3కి (సోనీ లాగ్ ప్రొఫైల్) బేస్‌లు 800, 12800. పాకెట్ 4కేలో 400, 3200. ఐఎస్ఓ పెంచుకుంటూ పోతే నాయిస్ పెరుగుతూ పెరుగుతూ, కెమెరా రెండో బేస్‌కి మారగానే ఒక్కసారిగా పడిపోతుంది. ఎఫ్ఎక్స్3 లాంటి కెమెరాలో 10000 కంటే 12800 శుభ్రంగా కనిపించేది ఇందుకే. మీ కెమెరాకి ఇది ఏ ఐఎస్ఓ దగ్గర జరుగుతుందో కనిపెడితే, రాత్రి ముహూర్తపు పెళ్లిళ్లలో దానికి కాస్త కిందున్న ఐఎస్ఓల జోలికి పోనక్కర్లేదు.

పై స్టాపులు లెక్కపెట్టడం

ఇది జాగ్రత్తగా చేయాల్సిన భాగం. గ్రే కార్డ్‌ని ఫ్రేమ్ మధ్యలో పెట్టి, లైట్‌ని దగ్గరగా నిలబెట్టండి. లైట్ కరెంట్ మీద కాకుండా బ్యాటరీ మీద నడిస్తే మేలు, వోల్టేజీ ఊగినప్పుడల్లా వెలుగు ఊగే బాధ ఉండదు. హాలోజన్ బల్బుతో ఆ బాధ మరీ ఎక్కువ. ఐఎస్ఓ 800, లెన్స్ ఎఫ్2, షటర్ 1/3200 పెట్టి, గ్రే కార్డ్ సరైన చోటికి వచ్చేదాకా లైట్‌ని ముందుకూ వెనక్కూ జరపండి. ఎస్-లాగ్3లో ఆ సరైన చోటు 41 ఐఆర్ఈ (వేవ్‌ఫామ్ మీద వెలుగు కొలత). ప్యానసోనిక్ వీ-లాగ్‌లో 42, క్యానన్ లాగ్ 3లో 34. ఇంత వేగం షటర్‌లో బొమ్మ మీద అడ్డ పట్టీలు పాకుతున్నాయంటే మీ లైట్ మినుకుతోందని అర్థం, అది మార్చాలి.

ఇప్పుడు లెన్స్, లైట్ ముట్టుకోకుండా షటర్ ఒక్కటే తగ్గించుకుంటూ పోండి: 1/1600, 1/800, 1/400, 1/200, 1/100, 1/50. ప్రతి అడుగుకీ సరిగ్గా ఒక స్టాప్ పెరుగుతుంది. ప్రతిదీ మూడు నాలుగు సెకన్లు రికార్డ్ చేయండి. అపర్చర్ తిప్పి స్టాపులు మార్చడం నాకు నచ్చదు. లెన్స్ మీద ఒక స్టాప్ అని రాసి ఉన్నది తీరా చూస్తే ముప్పావు స్టాప్ ఉండొచ్చు. షటర్ అలా మోసం చేయదు.

వేవ్‌ఫామ్‌లో చూడండి. ఎస్-లాగ్3 సూత్రం ప్రకారం రీడింగ్‌లు దాదాపు ఇలా రావాలి: 41, 49, 58, 67, 76, 85, 94. స్టాప్‌కి సుమారు 9 చొప్పున మెట్లెక్కినట్టు పోతుంది. 94 అంటే గ్రే పైన సరిగ్గా 6 స్టాపులు. సోనీ ఎఫ్ఎక్స్ కెమెరాల్లో సినీ ఈఐ మోడ్‌లో (ఐఎస్ఓని బేస్ దగ్గరే ఉంచి లాగ్‌లో తీసే మోడ్), బేస్ ఐఎస్ఓ దగ్గర తెర మీద 6.0ఈ అని కనిపించేది ఇదే. మీ కెమెరా 76 తర్వాత 82 దగ్గరే ఆగిపోయి, షటర్ ఇంకా తగ్గించినా కదలకపోతే, క్లిప్, అంటే వెలుగు తెల్లగా కొట్టేసే చోటు, అక్కడే. గ్రే పైన 5 స్టాపులకి కూడా కాస్త తక్కువని రాసుకోండి. జీబ్రా (వెలుగు ఎక్కువైన చోట కెమెరా తెర మీద కనిపించే చారలు) కూడా ఆ అంకెకి ఒకటి రెండు కిందుగా పెట్టుకుంటే షూట్‌లో చూసుకోవడం తేలిక.

వేవ్‌ఫామ్‌తో ఆగకుండా ఆర్‌జీబీ పరేడ్ (మూడు రంగులకీ విడివిడిగా వేవ్‌ఫామ్) కూడా చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకేసారి తల కొట్టుకోవు, ఒకటి ముందు ఆగుతుంది. ఆ ఒకటి ఆగిన దగ్గర నుంచి మిగతా రెండూ ఆగేదాకా ఉన్న మధ్య జాగాలోనే రంగు పాడవుతుంది. చెంప మీద మెరుపు పసుపు పచ్చగా, హోమగుండం మంట నడిమధ్య నిమ్మపండు రంగుగా మారేది అక్కడే. కొన్ని కెమెరాలు ఆ జాగాని తెల్లగా సర్దేసి మెత్తగా జారుస్తాయి, కొన్ని గీత గీసినట్టు కోసేస్తాయి. రెండింటికీ 6 స్టాపులే వచ్చినా చూసేవాళ్లకి ఒకటి ఖరీదైన కెమెరా, ఇంకొకటి ఫోన్ వీడియో. స్టేజీ మీద ఊదా, నీలం రంగు పార్ లైట్లు పెట్టే రిసెప్షన్లలో నీలం ఛానెల్ అన్నిటికంటే ముందు పోతుంది, మొత్తం వెలుగు చూస్తే తక్కువే అనిపించినా సరే.

కింది స్టాపులు లెక్కపెట్టడం

ఇప్పుడు అదే వెలుగులో లెన్స్‌ని ఎఫ్16కి, షటర్‌ని 1/50కి మార్చండి. ఎఫ్2 నుంచి ఎఫ్16 ఆరు స్టాపులు, 1/3200 నుంచి 1/50 ఆరు స్టాపులు, కాబట్టి గ్రే మళ్లీ 41 దగ్గరికే రావాలి. కాస్త తేడా ఉంటే లైట్‌ని జరిపి సరిచేసుకోండి. ఇక్కడి నుంచి షటర్ పెంచుకుంటూ 1/100, 1/200 అలా 1/6400 దాకా పోతే 7 స్టాపులు కిందికి దిగినట్టు.

రీడింగ్‌లు ఈసారి 41, 32, 25, 18, 12, 8, 6, ఆ తర్వాత 5కి లోపు. పూర్తి నలుపు 3.5 దగ్గర. పైకి వెళ్లేటప్పుడు ఉన్నట్టు సమానమైన మెట్లు ఇక్కడ లేవని గమనించారా? నాలుగో స్టాప్ దాటాక మిగిలిన నీడంతా 12కీ 3.5కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. 10-బిట్ ఫైల్‌లో ఉన్న 1024 మెట్లలో ఆ నీడ మొత్తానికి దక్కేది 76. అదే 8-బిట్ అయితే 19. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది స్టాపుల కిందున్న జుట్టు, నల్ల కోటు, పందిరి మూలలు అన్నీ కలిపి 19 మెట్లలో సర్దుకోవాలి. 8-బిట్ లాగ్‌లో తీసి లేపితే నీడలు పటాల మీద ఎత్తుల గీతల్లా విడివిడిగా కనిపించేది ఇందుకే. సెన్సర్ ఎంత గొప్పదైనా ఫైల్ ఇరుకైతే స్టాపులు అక్కడే పోతాయి.

దిగిన ప్రతి క్లిప్‌నీ మళ్లీ 41కి లేపాలి. రిజాల్వ్‌లో కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ నోడ్‌తో లీనియర్‌లోకి (వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపయ్యే రూపం) మార్చి, తర్వాతి నోడ్‌లో గెయిన్ పెంచి, ఇంకో నోడ్‌తో తిరిగి లాగ్‌లోకి తెచ్చుకోండి. లీనియర్‌లో గెయిన్ 2 అంటే ఒక స్టాప్, 4 అంటే రెండు, 8 అంటే మూడు. లాగ్ మీద నేరుగా లిఫ్ట్, గామా తిప్పి పైకి తేవడం ఇక్కడ వద్దు, ప్రతి కెమెరాకీ ఒక్కోలా వస్తుంది, పోలిక చెడిపోతుంది.

గ్రే కార్డ్ మీద అంకెలు వచ్చేశాయి గానీ తీర్పు గ్రే కార్డ్ మీద చెప్పకూడదు. అందుకని ఇదే వరసని ఒక మనిషిని కూర్చోబెట్టి మళ్లీ తీయండి. పక్కన జరీ అంచు తెల్ల పంచె ఒకటి, నల్లటి గొడుగు గుడ్డ ఒకటి, గ్రే కార్డ్. లేపిన క్లిప్పులను వరసగా పెట్టి చూస్తే ఏ మెట్టు దగ్గర ముఖం చెడుతుందో మీకే తెలుస్తుంది. ముందు చెడేది చాలాసార్లు గ్రెయిన్ కాదు, రంగు. చామనఛాయ చర్మం నీడవైపు ఆకుపచ్చకో గులాబీకో తిరుగుతుంది. ఆ తర్వాత గొడుగు గుడ్డ మడతలు ఒకే నలుపు ముద్దగా కలిసిపోతాయి. చారలు కనిపించడం మొదలైతే ఆ కెమెరాకి అదే ఆఖరి మెట్టు.

మీరు సరే అనుకున్న కింది మెట్టుకీ, ముఖం మీద మెరుపు చావని పై మెట్టుకీ మధ్య ఉన్న స్టాపులే ఆ కెమెరా లాటిట్యూడ్. మంచి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఇది 8 దరిదాపుల్లో వస్తే సంతోషించాలి. పెట్టె మీది 15తో దీన్ని పోల్చి దిగులు పడొద్దు, అవి కొలిచేదే వేరు.

మన చర్మానికి ఎక్స్‌పోజర్ గురించి ఒక మాట. చర్మాన్ని 70 ఐఆర్ఈ దగ్గర పెట్టమని ఇంటర్నెట్‌లో కనిపించే సలహా తెల్ల చర్మానికి, అదీ రెక్.709 (మామూలు టీవీ రంగుల ప్రమాణం) బొమ్మకి. లాగ్‌లో, మన వాళ్ల ఛాయకి, ముఖంలో వెలుగు పడ్డ వైపు గ్రే కార్డ్‌కి అటూ ఇటూగా లేదా అర స్టాప్ పైన ఉంటే సరిపోతుంది. పరీక్షలో కూడా అదే పెట్టండి.

శుభ్రంగా ఉన్న నీడని అనుమానించండి

ఆరు స్టాపులు లేపినా నీడ అద్దంలా ఉందంటే సంబరపడేముందు గొడుగు గుడ్డ నేత చూడండి. గ్రెయిన్‌తో పాటు నేత కూడా మాయమైతే లోపల నాయిస్ రిడక్షన్ నడుస్తున్నట్టే. ఇంకో పద్ధతి, కూర్చున్న మనిషిని నీడలో చెయ్యి ఊపమనండి. చెయ్యి వెనక పొగలా చార మిగిలితే, కెమెరా పక్క పక్క ఫ్రేములను కలిపి నాయిస్ తుడుస్తోంది. కోడెక్ కూడా ఈ పని చేస్తుంది, బిట్ రేట్ తక్కువైతే ముందు నలిగేది నీడలోని వివరమే. ఇలా తుడిచిన బొమ్మని ల్యాబ్‌లో కొలిస్తే డైనమిక్ రేంజ్ ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది నాయిస్‌ని, నేతని కాదు. అంకెల్లో నెగ్గి గ్రేడింగ్‌లో ఓడే కెమెరాల రహస్యం ఇదే.

రెండు కెమెరాలను పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. ఒకటి 6కేలో, ఇంకొకటి 4కేలో ఉంటే రెండింటినీ ఒకే సైజుకి తగ్గించి చూడండి. 4కేని హెచ్‌డీకి తగ్గిస్తే నాలుగు పిక్సెళ్లు ఒకటై, చిటపటలాడే నాయిస్ సగానికి పడుతుంది. నీడల్లో అది దాదాపు ఒక స్టాప్ లాభం. ఆ లాభం సెన్సర్‌ది కాదు, కుదింపుది. మీరు చివరికి ఇచ్చేది హెచ్‌డీనే అయితే ఆ లాభం నిజంగానే మీ చేతికి వస్తుంది, అప్పుడు లెక్కలో వేసుకోండి.

అంకెలు కూడా కావాలనుకునేవాళ్లకి ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. క్లిప్‌ని లీనియర్‌లోకి మార్చి 16-బిట్ టిఫ్‌గా ఒక ఫ్రేమ్ తీయండి, గ్రే కార్డ్ మీద చతురస్రం గీసి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ చూడండి. సగటులోంచి మూత పెట్టి తీసిన క్లిప్ సగటును తీసేసి, మిగిలినదాన్ని డీవియేషన్‌తో భాగిస్తే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి. అది 2కి పడిపోయే మెట్టే ల్యాబుల లెక్కలో కింది గీత. ఏడు స్టాపుల్లో పడకపోతే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) పెట్టి ఇంకా దిగండి. ల్యాబులు దీనికి గ్జైలా అనే వెనక నుంచి వెలిగే చార్ట్ వాడతాయి, అందులో స్టాప్‌కొకటి చొప్పున 21 మెట్లుంటాయి. అది కొనడం మన పని కాదు.

లెన్స్ తినేసే స్టాపులు

సెన్సర్ ఒంటరిగా షూట్‌కి రాదు. ఫ్రేమ్ అంచున ఒక వెలిగే బల్బు పెట్టి, మధ్యలో గొడుగు గుడ్డ ఉంచి ఒక క్లిప్, బల్బు ఆర్పి ఇంకో క్లిప్ తీయండి. బల్బు వెలిగినప్పుడు గుడ్డ రీడింగ్ పైకి లేచిందా? లేచినంత మేరా లెన్స్ లోపల చెదిరిన వెలుగు నీడని కప్పేసిందని అర్థం. పాత లెన్సులు, ముందు తగిలించిన చవక యూవీ ఫిల్టర్లు, వేలిముద్రలు ఇందులో దిట్టలు. 14 స్టాపుల సెన్సర్ ముందు ఇలాంటి లెన్స్ పెడితే బొమ్మలో 10, 11 కూడా మిగలకపోవచ్చు. పై పరీక్షలో ఒకే ఫ్రేమ్‌లో వెలుగూ చీకటీ కలపకుండా ఒక కార్డ్‌నే మెట్టు మెట్టుగా తీయించింది ఈ చెదురు వెలుగు లెక్కలోకి రాకూడదనే.

సెన్సర్ వేగం

డైనమిక్ రేంజ్‌తో పాటు చూడాల్సిన ఇంకో గుణం, సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి ఎంతసేపు తీసుకుంటుందన్నది. నెమ్మదిగా చదివితే పాన్ చేసినప్పుడు స్తంభాలు వాలిపోతాయి. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టినప్పుడు వీడియోలో సగం ఫ్రేమ్ తెల్లగా, సగం మామూలుగా వచ్చేది కూడా దీనివల్లే.

దీన్ని కొలవడానికి మన ఇళ్లలోని చవక ఎల్ఈడీ బల్బే సాధనం. మన కరెంట్ 50 హెర్ట్జ్, కాబట్టి అలాంటి బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, అంటే ఒక్కో మినుకు 10 మిల్లీసెకన్లు. ఆ బల్బు వెలుగు పడ్డ తెల్ల గోడని ఫ్రేమ్ నిండా పెట్టి, షటర్ 1/2000లో తీయండి. గోడ మీద అడ్డంగా వెలుగు, నీడ పట్టీలు వస్తాయి. ఒక వెలుగు పట్టీ, ఒక నీడ పట్టీ కలిపి ఒక జత. పై నుంచి కింది దాకా రెండు జతలు పడితే సెన్సర్ 20 మిల్లీసెకన్లు తీసుకుంటోంది. ఒకటిన్నర అయితే 15. ఒక్క జత కూడా పూర్తిగా పట్టకపోతే 10 లోపు, అది వేగమైన సెన్సర్. 25 దాటితే చేత్తో పట్టుకుని ఊరేగింపు తీసేవాళ్లు దాని వైపు చూడకపోవడం మంచిది. పట్టీలే రాకపోతే బల్బు మంచిదన్నమాట, ఇంకో చవకది వెతకండి.

వేగానికీ డైనమిక్ రేంజ్‌కీ కొన్ని కెమెరాల్లో బేరం నడుస్తుంది. సెన్సర్ ప్రతి పిక్సెల్‌నీ ఎక్కువ గెయిన్‌తో ఒకసారి, తక్కువ గెయిన్‌తో ఒకసారి చదివి రెండూ కలిపితే నీడా వెలుగూ రెండూ దక్కుతాయి. 2010లో వచ్చిన మొదటి అలెక్సా నుంచి ఆరీ నమ్ముకున్న దారి ఇదే. క్యానన్ సీ70లో, ప్యానసోనిక్ జీహెచ్6 డైనమిక్ రేంజ్ బూస్ట్‌లో ఉన్నదీ ఈ తరహాదే. ఇలాంటి సదుపాయం ఉన్న కెమెరాల్లో అది ఏ ఫ్రేమ్ రేట్ దాకా పనిచేస్తుందో, ఆన్ చేస్తే కనిష్ఠ ఐఎస్ఓ ఎక్కడికి పోతుందో, పట్టీలు ఎన్ని పెరుగుతాయో రెండు స్థితుల్లోనూ తీసి చూసుకోండి.

ఫలితాలు రాసుకోవడం

ఒక కాగితం మీద ప్రతి మోడ్‌కీ ఒక వరస చాలు: మోడ్, ఐఎస్ఓ, గ్రే పైన స్టాపులు, క్లిప్ అయ్యే ఐఆర్ఈ, ముఖం చెడిన కింది మెట్టు, ఎందుకు చెడింది, సెన్సర్ వేగం. "ఎందుకు చెడింది" అన్న గడి ఖాళీ వదలకండి. గ్రెయిన్ వల్ల చెడితే డీనాయిస్‌తో ఇంకో స్టాప్ గుంజుకోవచ్చు, రంగు తిరిగితే కొంతవరకే, చారలైతే ఏమీ చేయలేం.

వాడిన కెమెరా కొంటుంటే పూర్తి పరీక్షకి అమ్మేవాళ్లు సమయం ఇవ్వరు. అప్పుడు మూడే చేయండి: పావుగంట నడిచాక మూత పెట్టి రెండు బేస్ ఐఎస్ఓల్లో క్లిప్పులు, గ్రే కార్డ్‌ని ఐదు స్టాపులు తగ్గించి ఒకటి, ఎఫ్16లో తెల్ల గోడని ఫోకస్ తప్పించి ఒకటి. చివరిది సెన్సర్ మీద గీతలు, దుమ్ము, లేజర్ లైట్ తగిలి కాలిన చుక్కలు పట్టుకోవడానికి. సంగీత్ స్టేజీల మీద లేజర్లు తిప్పడం మామూలైపోయింది కాబట్టి ఈవెంట్లలో తిరిగిన కెమెరా అయితే ఇది తప్పనిసరి. కార్డ్ ఇంటికి తెచ్చుకుని ఫైల్స్ లేపి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. కెమెరా తెర మీద చూసి ఓకే అనొద్దు, అంత చిన్న తెర మీద ఏ నీడైనా నల్లగానే కనిపిస్తుంది.